మందుకూ కణానికీ మధ్య ఏముంది? పంటి పదార్థాలను పరీక్షించే కణజాల నమూనాలు

పంటి నొప్పికి బుగ్గన లవంగం పెట్టుకోవడం, లవంగ నూనెలో ముంచిన దూదిని పుచ్చు పంటి గుంటలో కుక్కడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. దంతవైద్యశాలలో జరిగేదీ ఒక రకంగా అదే. లవంగ నూనెలో ప్రధానంగా ఉండేది యూజెనాల్. దాన్ని జింక్ ఆక్సైడ్ పొడితో కలిపి ముద్ద చేసి, పుచ్చు తీసేసిన గుంటలో నింపితే నొప్పి సద్దుమణుగుతుంది, పంటి లోపలి గుజ్జు కుదుటపడుతుంది. వందేళ్లకు పైగా దంతవైద్యులు నమ్ముకున్న సిమెంటు ఇది. ఇదే ముద్దను ప్రయోగశాలలో, పళ్లెం అడుగున పెరుగుతున్న కణాల పొర మీద పెడితే మాత్రం చుట్టూ ఉన్న కణాలు కుప్పలుగా చచ్చిపోతాయి.

ఈ రెండింటిలో ఏది అబద్ధం? ఏదీ కాదు. పళ్లెంలో సిమెంటుకూ కణానికీ మధ్య కాస్త పోషక ద్రవం తప్ప మరే అడ్డూ లేదు. నోట్లో ఆ రెండింటి నడుమ డెంటిన్ ఉంది. ఎనామెల్‌కు కింద, గుజ్జుకు పైన ఉండే ఆ పసుపు వన్నె గట్టి పొర యూజెనాల్‌ను తనలో పట్టి ఉంచుకుని, కొద్దికొద్దిగా మాత్రమే లోపలికి జారనిస్తుంది. 1980లలో హ్యూమ్ అనే పరిశోధకుడు పీకిన పళ్లతో చేసిన కొలతల ప్రకారం, సిమెంటుకు ఆనుకున్న డెంటిన్‌లో ఉండే యూజెనాల్ గాఢతలో గుజ్జు వైపుకు చేరేది సుమారు నూరో వంతు, లేదా అంతకన్నా తక్కువ. సిమెంటు పక్కన సూక్ష్మజీవులను చంపేంత మోతాదు. గుజ్జు దగ్గర నాడిని మొద్దుబార్చి వాపును తగ్గించేంత మోతాదు. రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలోనే విషం మందైపోయింది.

పంటి పదార్థాలు ఎంత సురక్షితమో తేల్చే పరీక్షల చరిత్ర మొత్తం ఈ ఎడం చుట్టూనే తిరుగుతుంది. ఏ పదార్థం మంచిది, ఏది చెడ్డది అన్న ప్రశ్నకు దానికదిగా జవాబు లేదు. ఆ పదార్థానికీ, అది తాకే ప్రాణమున్న కణానికీ మధ్య ఏముంది, ఎంత మందాన ఉంది, ఎంతకాలం ఉంటుంది అన్నవి తెలిస్తేనే జవాబు దొరుకుతుంది. ప్రయోగశాలలో పెంచే కణజాల నమూనాలన్నీ ఆ మధ్యనున్న దాన్ని ఎంతో కొంత తిరిగి కట్టే ప్రయత్నాలే.

నోట్లో పెట్టే పదార్థాలు మింగిన మాత్రలా ఒక రోజులో బయటికి పోవు. ఫిల్లింగు ఏళ్ల తరబడి ఉంటుంది. కట్టుడు పళ్ల సెట్టు రోజూ పది పన్నెండు గంటలు చిగుళ్లకు అంటుకుని ఉంటుంది. రూట్ కెనాల్‌లో నింపిన పేస్టు వేరు కొసన దవడ ఎముకకు వెంట్రుకవాసి దూరంలో నిలుస్తుంది. పళ్ల వరుస సరిచేసే పారదర్శక తొడుగులు నెలల కొద్దీ లాలాజలంలో నానుతుంటాయి. చట్టం దృష్టిలో ఇవి చాలా మటుకు వైద్య పరికరాలే. మన దేశంలో వీటికి 2017 నాటి మెడికల్ డివైజెస్ రూల్స్ వర్తిస్తాయి. ప్రమాద స్థాయిని బట్టి ఎ, బి, సి, డి తరగతులుగా విభజిస్తారు. ప్రపంచమంతటా పరీక్షల పద్ధతికి ఆధారం ఐ.ఎస్.ఓ. (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణాలు: వైద్య పరికరాలన్నింటికీ 10993 వరుస, దంతవైద్యానికి ప్రత్యేకంగా 7405.

చిట్టెలుక కణాల తీర్పు

పరీక్షల మెట్లలో అన్నిటికన్నా కిందది కణాలను చంపుతుందా లేదా అని చూసేది. దీనికి ఎక్కువగా వాడేది ఎల్-929 అనే కణ సంతతి. 1940లలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎర్ల్ బృందం ఒక చిట్టెలుక చర్మం కింది కణజాలం నుంచి తీసి పెంచిన కణాల వారసులివి. ఒకే ఒక్క కణం నుంచి పెంచిన తొలి సంతతిగా వీటికి చరిత్రలో చోటుంది. ఆ చిట్టెలుక పోయి ఎనభై ఏళ్లు దాటినా దాని కణాలు ప్రపంచంలోని వందలాది ప్రయోగశాలల్లో ఇంకా విభజన చెందుతూనే ఉన్నాయి.

పరీక్ష చేసే తీరు మన ఇళ్లలో కషాయం కాచే పద్ధతిని గుర్తుచేస్తుంది. పరీక్షించాల్సిన పదార్థపు బిళ్లను పోషక ద్రవంలో వేసి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజు నానబెడతారు. సన్నని నమూనా అయితే ప్రతి మిల్లీలీటరు ద్రవానికి 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం, మందమైనదైతే 3 అన్నది లెక్క. బిళ్ల నుంచి ఊరినదంతా ద్రవంలోకి దిగాక ఆ ద్రవాన్ని కణాల మీద పోసి మరో రోజు ఆగుతారు. తరువాత 1983లో మోస్మన్ రూపొందించిన ఎం.టి.టి. అనే పసుపు రంగు లవణాన్ని కలుపుతారు. బతికున్న కణం దాన్ని ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తుంది, చచ్చిన కణం మార్చలేదు. రంగు ఎంత చిక్కగా ఉందో యంత్రంతో కొలిచి, ఏ మందూ తగలని కణాలతో పోలుస్తారు. బతికినవి 70 శాతం కన్నా తక్కువైతే ఆ పదార్థానికి కణాలను చంపే స్వభావం ఉన్నట్టే లెక్క.

ఈ పరీక్ష చవక, వేగం. నిజంగా ప్రమాదకరమైన పదార్థం దీని కన్ను గప్పడం అరుదు. అయితే దీన్ని గట్టి జల్లెడగా వాడుకోవాలే తప్ప న్యాయమూర్తిగా కాదు. చిట్టెలుక చర్మపు కణానికి చిగురుతో చుట్టరికం లేదు, పంటి గుజ్జుతో అంతకన్నా లేదు. పళ్లెం అడుగున ఒంటి పొరగా పరుచుకున్న కణం నాలుగు పక్కలా మందులో మునిగి ఉంటుంది. ఒంట్లో ఏ కణమూ అంత నిస్సహాయంగా ఉండదు.

కాల్షియం హైడ్రాక్సైడ్ కథ దీనికి మరో సాక్ష్యం. 1920లో జర్మనీలో హెర్మన్ దంతవైద్యంలోకి తెచ్చిన ఈ పదార్థం బయటపడ్డ గుజ్జును కప్పడానికి దశాబ్దాల పాటు ప్రామాణికంగా నిలిచింది. దాని క్షారగుణం తీవ్రం, పీహెచ్ 12 దాటుతుంది. తడి సున్నంలో వేలు పెడితే చర్మం ఏమవుతుందో తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు, ఎందుకంటే రసాయనికంగా ఇదీ సున్నమే. పళ్లెంలోని కణాలు దీనికి నిమిషాల్లో లొంగిపోతాయి. పంటిలోనూ గుజ్జు పైపొరను ఇది కాలుస్తుంది. కానీ ఆ కాలిన సన్నని పొర కిందనే గుజ్జు మేల్కొని కొత్త డెంటిన్ గోడ కట్టుకుంటుంది. గాయమే చికిత్స అన్నమాట. ఒంటి పొర కణాలకు ఈ సంగతి ఎన్నటికీ తెలియదు, ఎందుకంటే గోడ కట్టడానికి కింద ఎవరూ మిగలరు.

నేరం ఒకరిది, నింద మరొకరిది

పొరపాటు రెండో వైపు నుంచీ జరిగింది. ఇరవయ్యో శతాబ్దపు నడిమి దశాబ్దాల్లో సిలికేట్, జింక్ ఫాస్ఫేట్ సిమెంట్లు వేసిన పళ్లలో గుజ్జు వాచి చనిపోవడం తరచుగా కనిపించేది. ఆ సిమెంట్లలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి ఆమ్లమే దోషి అని పాఠ్యపుస్తకాలు రాశాయి. పళ్లెంలోని కణాలు కూడా ఆ మాటకే సాక్ష్యం చెప్పాయి. అంతా సరిగ్గా అతికినట్టే ఉంది.

1965లో అమెరికాలో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ అనే ముగ్గురు చేసిన ఎలుకల ప్రయోగం ఆ అతుకును విప్పడం మొదలుపెట్టింది. మామూలు ఎలుకల్లోనూ, పుట్టినప్పటి నుంచి ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచిన ఎలుకల్లోనూ దవడ పళ్లను తొలిచి గుజ్జును బయటపెట్టి, మూత వేయకుండా అలాగే వదిలేశారు. ఆహారం వెళ్లి ఇరుక్కున్నా పట్టించుకోలేదు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్లి చీము పట్టింది. సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో కొద్ది వారాల్లోనే తెరుచుకున్న చోట కొత్త డెంటిన్ వంతెన కట్టుకుంది. తరువాత స్వీడన్‌లో బ్రాన్‌స్ట్రోమ్ వంటివారు ఫిల్లింగుకూ పంటి గోడకూ మధ్య సందుల్లోంచి దూరే బాక్టీరియా వైపు వేలు చూపారు. 1987లో కాక్స్ బృందం కోతుల పళ్లలో సిలికేట్, జింక్ ఫాస్ఫేట్ వంటి పదార్థాలను నేరుగా గుజ్జు మీదే పెట్టి, పైన బాక్టీరియా దూరకుండా గట్టిగా మూత వేసి చూసింది. గుజ్జు మానింది. తమాషా ఏమిటంటే ఆ మూతకు వాడిన పదార్థం జింక్ ఆక్సైడ్ యూజెనాల్ సిమెంటే. పళ్లెంలో హంతకుడిగా పేరుపడ్డది పంటిలో కావలికాసింది.

దశాబ్దాల పాటు ఆమ్లాన్ని నిందించడానికి కారణం పరీక్షల నిర్లక్ష్యమని అనలేం. నమూనాలో బాక్టీరియా లేదు, అందుకే బాక్టీరియా చేసిన నేరం అందులో కనిపించలేదు. ఏ నమూనా అయినా తనలో ఉన్నవారి మీదే కేసు పెట్టగలదు. దంత పదార్థాల పరిశోధనలో ఇంతకన్నా విలువైన పాఠం మరొకటి ఉన్నట్టు లేదు. ఈనాటి కొత్త నమూనాలను అంచనా వేయడానికీ ఇదే కొలబద్ద.

డెంటిన్ గోడ కట్టి చూడటం

డెంటిన్ ఘనమైన రాయి కాదు, లక్షల సూక్ష్మ నాళాలున్న గోడ. ఎనామెల్ దగ్గర చదరపు మిల్లీమీటరుకు సుమారు 20,000 నాళాలుంటే, గుజ్జు దగ్గరికి వచ్చేసరికి అవి 45,000 దాటుతాయి. లోపలికి పోయేకొద్దీ నాళాల వ్యాసం కూడా పెరుగుతుంది. అంటే పుచ్చు ఎంత లోతుకు పోతే గోడ అంత పలచబడటమే కాదు, అంత ఎక్కువగా చిల్లులు పడ్డ గోడ అవుతుంది. ఒక మిల్లీమీటరు మందమున్న డెంటిన్ అడ్డుకునే దాన్ని అర మిల్లీమీటరు డెంటిన్ సగమైనా అడ్డుకుంటుందని లెక్క వేయడానికి వీల్లేదు.

1980లలో అమెరికాలోని మిషిగన్‌లో హ్యాంక్స్ బృందం పంటి బిళ్లను అడ్డుగా పెట్టి ఒక పక్క పదార్థం, మరో పక్క కణాలు ఉండేలా కృత్రిమ గుజ్జు గదిని తయారుచేసింది. ఆ దారిలో ఎక్కువ దూరం వెళ్లింది జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో ష్మాల్ట్స్ బృందం. ఆవు పంటి నుంచి అర మిల్లీమీటరు మందాన డెంటిన్ బిళ్ల కోసి, దాని కింద దూడల పంటి గుజ్జు కణాలను మూడు కొలతల్లో అల్లుకునేలా పెంచి, గుజ్జులో రక్తం పారినట్టు కణాల పక్కగా పోషక ద్రవం నెమ్మదిగా ప్రవహించేలా ఏర్పాటు చేశారు. పదార్థాన్ని బిళ్ల పైన పెడతారు. ఒక రోజు తరువాత కింది కణాలు ఎన్ని బతికాయో చూస్తారు. ఐ.ఎస్.ఓ. 7405 ప్రమాణంలో డెంటిన్ అడ్డు పరీక్షకు ఈ పద్ధతి ఆధారమైంది.

ఈ గోడ అడ్డు పెట్టగానే పదార్థాల వరుసక్రమం మారిపోతుంది. యూజెనాల్ సిమెంటు మీద పడ్డ మచ్చ చాలావరకు చెరిగిపోతుంది. ఫిల్లింగును పంటికి అతికించే కొన్ని రెసిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) జిగురుల మచ్చ మాత్రం అలాగే ఉంటుంది. అదే ఈ పరీక్ష విలువ. చిక్కంతా బిళ్లల్లోనే ఉంది. ఒక ఆవు పన్ను మరో ఆవు పన్నులా ఉండదు. ఒకే పంటిలో కూడా మధ్యలో కోసిన బిళ్లకూ అంచున కోసిన బిళ్లకూ నాళాల సంఖ్యలో తేడా ఉంటుంది. అందుకే జాగ్రత్తపరులు ప్రతి బిళ్ల గుండా నీరు ఎంత వేగంగా పోతుందో ముందే కొలిచి, సరిపోలిన వాటినే జతలు చేసి వాడతారు. అది చేయని నివేదికలో అంకెలు ఎంత ముద్దుగా ఉన్నా వాటిని కాస్త దూరం పెట్టి చదవడమే మంచిది.

ఈ పరీక్షకు నేటి అసలు ప్రశ్న రెసిన్లే. 1962లో అమెరికాలో రాఫెల్ బోవెన్ పేటెంటు పొందిన బిస్-జీఎంఏ అణువు మీదుగా పంటి రంగు ఫిల్లింగుల యుగం మొదలైంది. పాదరసం కలిసిన అమాల్గమ్ క్రమంగా తప్పుకుంటోంది. కొద్దిపాటి మినహాయింపులతో 2025 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ దాన్ని నిషేధించింది. ఆ ఖాళీని ఎక్కువగా నింపుతున్నది రెసిన్ కాంపోజిట్లే. నీలి కాంతి పడగానే మెత్తని పేస్టు గట్టిపడుతుంది కానీ, అందులోని మోనోమర్ల (గొలుసులుగా అల్లుకోవాల్సిన చిన్న అణువుల) బంధాలన్నీ కలిసిపోవు. సగం నుంచి మూడొంతుల దాకా కలవడమే మామూలు. కలవకుండా విడిగా మిగిలిన అణువుల్లో కొన్ని మెల్లగా బయటికి ఊరుతాయి. వీటిలో హెమా, టెగ్‌డీఎంఏ అనే చిన్న అణువులు మరీ చురుకైనవి. నీటితో సులభంగా కలిసే హెమాకు డెంటిన్ నాళాల్లోని ద్రవమే రహదారి.

ఇవి కణంలోకి వెళ్లి చేసే మొదటి పని గ్లూటాథయోన్ నిల్వను ఖర్చు చేయడం. కణం తన లోపలి తుప్పు నుంచి కాపాడుకునే సామగ్రి అది. అది కరిగిపోతే ఆక్సిజన్ రాడికల్స్ పేరుకుంటాయి. మోతాదు పెద్దదైతే కణం చచ్చిపోతుంది, ఎం.టి.టి. రంగు తగ్గుతుంది, పరీక్ష పట్టేస్తుంది. మోతాదు చిన్నదైతే కణం బతికే ఉంటుంది. డెంటిన్ కట్టే పని మాత్రం మందగిస్తుంది. రంగు పరీక్షలో అది నూటికి తొంభై మార్కులతో నెగ్గుతుంది. పని మానేసిన కూలీని కూడా హాజరు పట్టీలో ఉన్నట్టే లెక్కించినట్టు ఇది. అందుకే కొత్త నమూనాల్లో చావుబతుకులతో పాటు ఖనిజం పేరుకుంటున్నదా, వాపు సంకేతాలు ఎంత వెలువడుతున్నాయి అన్నవీ కొలుస్తున్నారు. మంచి మార్పు ఇది, ఆలస్యంగా వచ్చిన మార్పు కూడా.

చిగురును పెంచడం

పంటి లోపలి సంగతి అలా ఉంటే, బయట చిగుళ్లకూ బుగ్గ లోపలి పొరకూ తగిలే పదార్థాలకు వేరే నమూనా కావాలి. దీని పునాదులు చర్మ పరిశోధనలో పడ్డాయి. 1975లో రైన్‌వాల్డ్, గ్రీన్ మానవ చర్మపు పైపొర కణాలను పదేపదే పెంచగలిగే పద్ధతి కనుగొన్నారు. ఆ తరువాత నాలుగేళ్లకు బెల్ బృందం కొలాజెన్ జెల్‌లో ఫైబ్రోబ్లాస్ట్ అనే బంధన కణజాలపు కణాలను కలిపితే అవి జెల్‌ను దగ్గరికి లాగి కణజాలంలా బిగిస్తాయని చూపింది. ఈ రెండింటినీ నోటికి అన్వయిస్తే కృత్రిమ చిగురు వస్తుంది.

తయారీ ఇలా ఉంటుంది. జ్ఞాన దంతం పీకేటప్పుడు వచ్చే చిగురు ముక్కను, ఇచ్చినవారి అనుమతితో తీసుకుని, ఎంజైములతో విడదీసి రెండు రకాల కణాలను వేరుచేస్తారు. ఫైబ్రోబ్లాస్టులను కొలాజెన్‌తో కలిపి, అడుగున సన్నని రంధ్రాలున్న పొర కలిగిన చిన్న గిన్నెలో పోస్తారు. పెరుగు తోడుకున్నట్టు జెల్ గట్టిపడుతుంది. దాని పైన పైపొర కణాలను పరుస్తారు. కొన్ని రోజులు ద్రవంలో ముంచి ఉంచి, తరువాత కిటుకు చేస్తారు: పై ద్రవాన్ని తీసేసి పైభాగాన్ని గాలికి వదులుతారు. కింద నుంచి తిండి, పైన గాలి. ఆ ఇరుకులో కణాలు పొరలు పొరలుగా ఎదుగుతాయి. అడుగున గుండ్రంగా, పైకి పోయేకొద్దీ చదునుగా. సుమారు రెండు వారాల్లో సూక్ష్మదర్శిని కింద చిగురును తలపించే ముక్క సిద్ధమవుతుంది. పరీక్షించే పదార్థపు బిళ్లను దీని మీద నేరుగా పెట్టవచ్చు. కట్టుడు పళ్లు చిగురు మీద కూర్చునే తీరును పోషక ద్రవంలో నానబెట్టిన కషాయం ఎప్పటికీ అనుకరించలేదు.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి పూర్తి మందపు నోటి పొర నమూనాల మీద రెసిన్లను, పుక్కిలించే మందులను పరీక్షించారు. ప్రయోగశాలలు సొంతంగా పెంచుకోనక్కర్లేకుండా తయారుగా దొరికే కణజాలాలూ ఉన్నాయి. వాటిలో కొన్ని ఆరోగ్యవంతుల కణాలతో చేసినవి, కొన్ని టీఆర్-146 అనే సంతతితో చేసినవి. ఈ రెండోది ఒక బుగ్గ క్యాన్సర్ నుంచి వచ్చినది. క్యాన్సర్ కణం మొండిది, ఎప్పుడూ ఒకేలా పెరుగుతుంది, అందుకే ఫలితాలు నిలకడగా ఉంటాయి. ఆ మొండితనమే దాని లోపం కూడా. మామూలు కణం తట్టుకోలేనిది అది తట్టుకోవచ్చు.

మూడు కొలతల నమూనాల గురించి ఉత్సాహంగా రాసేవారు సాధారణంగా దాటవేసే సంగతి ఒకటి ఉంది. ఇవి ఒంటి పొర కణాల కన్నా పదార్థాల పట్ల మెతకగా ఉంటాయి. పుక్కిలించే మందు ఒంటి పొర కణాలను క్షణాల్లో చంపుతుంది. పొరలున్న కణజాలం మీద పై వరుస పాడైనా అడుగు వరుస నిలబడుతుంది. ఇది వాస్తవానికి దగ్గరే. కానీ ఉత్పత్తిదారు కోణం నుంచి చూస్తే, పాత పరీక్షలో తప్పిన పదార్థాన్ని కొత్త పరీక్షలో నెగ్గించుకునే దారి కూడా ఇదే. నమూనా నోటికి దగ్గరైనందుకు తీర్పు మారిందా, లేక నమూనా మందంగా ఉన్నందుకు మారిందా అన్నది ప్రతిసారీ అడగాల్సిందే. బుగ్గ లోపలి పొర, నాలుక కింది పొర, గట్టి చిగురు ఒకే మందాన ఉండవు. గట్టి చిగురుకు పైన కెరాటిన్ కవచం ఉంటుంది, నాలుక కింద ఉండదు. మందపు చిగురు నమూనాలో నెగ్గిన పదార్థం నాలుక కింద ఆనుకునే కట్టుడు పళ్ల అంచుకు పనికొస్తుందని ఎలా చెప్పగలం?

మంట పుట్టించే గుణాన్ని పరీక్షించడానికి చాలాకాలం కుందేళ్ల చర్మంలోకి సూదితో ద్రవం ఎక్కించేవారు. నోటి పొర కోసమైతే హామ్‌స్టర్ బుగ్గ సంచిలో నమూనాను పెట్టేవారు. 2021లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 10993-23 ప్రమాణం కృత్రిమ మానవ చర్మపు నమూనాకు ముందు వరుసలో చోటిచ్చింది. పదార్థాన్ని ఒకసారి ఉప్పునీటిలో, ఇంకోసారి నువ్వుల నూనెలో నానబెడతారు. నీటికి దిగనిది నూనెకు దిగుతుందన్న మన వంటింటి జ్ఞానమే ఇక్కడ ప్రమాణమైంది. ఆ రసాన్ని కణజాలం మీద వేస్తే బతికిన కణాలు సగం కన్నా తక్కువైతే మంట పుట్టించే పదార్థంగా లెక్క. కుందేలుకు ఇది నిజమైన ఉపశమనం. కాకపోతే అది చర్మం, నోరు కాదు. లాలాజలంలో నిత్యం తడిసే పొరకు పొడి చర్మం ఎంతవరకు ప్రతినిధి అవుతుందో ప్రమాణం తేల్చలేదు.

ఇక్కడే మరో చిన్న విషయం. జంతువులు లేని పరీక్ష అని చెప్పుకునే చాలా పద్ధతుల్లో కణాలకు పెట్టే తిండి కడుపులోని దూడ రక్తం నుంచి తీసిన సీరం. జెల్ కొలాజెన్ ఎలుక తోక నుంచి వస్తుంది. డెంటిన్ బిళ్ల ఆవుది. నైతికత సంగతి పక్కన పెట్టినా, సీరంలోని ప్రోటీన్లు విషపదార్థాలను అంటిపెట్టుకుని వాటి పదును తగ్గిస్తాయి. సీరం ఎంత కలిపారో చెప్పని ఫలితం ఉప్పు ఎంత వేశారో చెప్పని వంటకం లాంటిది.

చిప్‌లో పన్ను

2020లో అమెరికాలోని ఒరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ విశ్వవిద్యాలయంలో బెర్టసోని బృందం పన్నును వేలెడంత చిప్‌లోకి దించింది. పారదర్శక సిలికోన్ రబ్బరులో చెక్కిన రెండు సన్నని గదుల నడుమ, నిజమైన మానవ డెంటిన్ పలక. ఒక గది పుచ్చు గుంటకు ప్రతినిధి, అందులో జిగురు మందు పోయవచ్చు. రెండో గదిలో, డెంటిన్‌ను ఆనుకుని, పంటి వేరు కొస నుంచి తీసిన మూలకణాలు. ఈ ఏర్పాటులో పరీక్ష ముగిశాక లెక్కించడంతో సరిపెట్టుకోనక్కర్లేదు. సూక్ష్మదర్శిని కింద చిప్‌ను ఉంచి, మందు పోసిన క్షణం నుంచి కణాలు ఎలా ముడుచుకుంటాయో, ఎక్కడ మొదలై ఎటు వ్యాపిస్తుందో కళ్లారా చూడవచ్చు. ఫాస్ఫారిక్ ఆమ్లం, హెమా, జిగురు రెసిన్లను అలాగే పరిశీలించారు. ఆ తరువాత అదే చిప్‌లో పుచ్చు కలిగించే స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ బాక్టీరియాను కూడా పెంచారు. 1965 నాటి ఎలుకలు చెప్పిన పాఠం యాభై ఏళ్ల తరువాత ప్రయోగశాల గోడలు దాటి లోపలికి వచ్చిందన్నమాట.

చిప్ కన్నా పాతదీ, అంత ప్రచారం లేనిదీ మరో పద్ధతి ఉంది: పన్నునే నిలువుగా ముక్కలు కోసి, గుజ్జు, డెంటిన్ ఒకదానికొకటి అంటుకుని ఉండగానే పోషక ద్రవంలో బతికించడం. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో స్లోన్, స్మిత్ ఎలుక పళ్లతో, ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మాగ్లువార్ బృందం మానవ పళ్లతో 1990లలోనే ఇది చేశారు. కణాలను విడదీసి మళ్లీ కలపడం కన్నా, కలిసి ఉన్నవాటిని కలిసే ఉంచడం తెలివైన పని. కాకపోతే కొన్ని వారాలకు మించి అవి బతకవు, రక్తం పారదు.

ఎంత బాగా కట్టినా నమూనాలో ఇంకా చేరనివి చాలానే ఉన్నాయి. లాలాజలంలోని ఎస్టరేజ్ ఎంజైములు రెసిన్‌ను మెల్లగా తినివేస్తాయని టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఒక రోజు నానబెట్టిన బిళ్ల అయిదేళ్ల తరువాత ఏం విడుదల చేస్తుందో చెప్పలేదు. నమలడం, వేడి కాఫీ మీద చల్లటి నీళ్లు, పళ్లు కొరికే అలవాటు ఏ చిప్‌లోనూ లేవు. అన్నిటికన్నా ముఖ్యం, రోగనిరోధక కణాలు లేవు. మెథాక్రిలేట్ రెసిన్ల వల్ల ఎక్కువగా బాధపడేది రోగులు కాదు, వాటిని రోజంతా చేతులతో పట్టుకునే దంతవైద్యులూ సహాయకులూ. వేళ్ల చర్మం పగిలి, దురద పెట్టే అలర్జీ అది. మామూలు రబ్బరు తొడుగుల్లోంచి కూడా ఈ చిన్న అణువులు నిమిషాల్లో దూరిపోతాయి. అలర్జీ అంటే శరీరం ఒకసారి చూసి గుర్తుపెట్టుకుని రెండోసారి తిరగబడటం. జ్ఞాపకమే లేని కృత్రిమ చిగురులో అది ఎలా కనిపిస్తుంది? దీనికి వేరే కణ పరీక్షలు వచ్చాయి, అవీ ఒక్కొక్కటి ఆ గొలుసులో ఒక్క మెట్టునే చూస్తాయి.

నమూనా సంగతి ఇలా ఉంటే, పరీక్షకు ఇచ్చే బిళ్ల సంగతి మరోలా ఉంటుంది. ప్రయోగశాలకు పంపే బిళ్లను తయారీదారు శ్రద్ధగా చేస్తాడు: రెండు మిల్లీమీటర్లకు మించని పొర, పూర్తి సమయం కాంతి, పొడి వాతావరణం. క్లినిక్‌లో పిల్లవాడు ఏడుస్తుంటాడు, లాలాజలం ఊరుతుంటుంది, లైటు దీపం పాతబడి ఉంటుంది, వెనక దవడ పంటి మూలకు కాంతి ఏటవాలుగా పడుతుంది. అక్కడ గట్టిపడకుండా మిగిలే మోనోమర్ ప్రయోగశాల బిళ్లలో ఉండే దానికన్నా ఎక్కువే. 3డి ప్రింటరులో చేసే కట్టుడు పళ్లు, తొడుగుల విషయంలో ఇది ఇంకా తీవ్రం. ముద్రించిన తరువాత ఆల్కహాల్‌తో సరిగా కడిగి, మళ్లీ కాంతిలో ఉంచకపోతే అదే రెసిన్, అదే యంత్రం వేరే ఫలితం ఇస్తాయి. సర్టిఫికెట్ రెసిన్‌కు వస్తుంది. నోట్లోకి వెళ్లేది మాత్రం ఆ రోజు, ఆ చేతులు చేసిన వస్తువు.

మన దేశంలో ఈ రంగం నెమ్మదిగా రూపు దిద్దుకుంటోంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ వైద్య పదార్థాల జీవ భద్రత పరీక్షల్లో ఎన్నో ఏళ్ల అనుభవమున్న చోటు. 2023లో కొత్త మందుల నిబంధనలకు చేసిన సవరణతో కణాల పరీక్షలకూ, చిప్ నమూనాలకూ చట్టంలో చోటు దొరికింది. అది మందులకు సంబంధించినది, పరికరాలకు కాదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో మానవ కణాల ఆధారిత నమూనాల కోసమే ఒక కేంద్రం ఏర్పడింది. తెలుగు రాష్ట్రాల దంతవైద్య కళాశాలల్లో రోజూ పీకే జ్ఞాన దంతాల్లో ఎక్కువ భాగం చెత్తబుట్టలోకి పోతాయి. కణజాల పరిశోధనకు కావలసిన ముడిసరుకు అదే. పంటి గుజ్జులో మూలకణాలున్నాయని 2000లో అమెరికాలో గ్రోంథోస్ బృందం చూపింది అచ్చం అలాంటి పళ్లతోనే.

ఇంతకీ డెంటిన్ బిళ్ల పరీక్షలో గోడ మందం అర మిల్లీమీటరు. కోసేవాడు కొలిచి కోస్తాడు. కుర్చీలో కూర్చున్న మనిషి పంటిలో పుచ్చు తీశాక ఎంత గోడ మిగిలిందో కచ్చితంగా చూపే సాధనం సాధారణంగా దంతవైద్యుడి చేతిలో ఉండదు. ఎక్స్‌రే అంచనా ఇస్తుంది, అనుభవం మరికాస్త ఇస్తుంది. ముసలివారి పంటిలో అది రెండు మిల్లీమీటర్లు ఉండవచ్చు, నాళాలు కూడా సగం పూడుకుపోయి ఉండవచ్చు. ఎనిమిదేళ్ల పిల్ల పంటిలో గోడ పావు మిల్లీమీటరుకు కూడా దిగిపోయి, నాళాలన్నీ విశాలంగా తెరుచుకుని ఉండవచ్చు. ఆ ఇద్దరి పళ్లలోకీ దిగేది ఒకే సీసాలోని జిగురు చుక్క.